న్యూజెర్సీ సింఫనీ కచేరీకి వెళ్దామనుకుంటే: ఏ ఊరి హాలు, ఏ రోజు, ఏ టికెట్టు?

ఎడిసన్, పిస్కాటవే, మన్రో, ప్లెయిన్స్‌బరో, జెర్సీ సిటీ. ఈ ఊళ్లలో మన తెలుగువాళ్ల ఇళ్లకు వెళ్తే చాలాచోట్ల హాల్లో ఓ మూల వయొలిన్ పెట్టె కనిపిస్తుంది. మూడో తరగతికో నాలుగో తరగతికో రాగానే స్కూల్లో స్ట్రింగ్స్, అంటే తీగవాద్యాల క్లాసులు మొదలవుతాయి. మనం వాద్యం అద్దెకు తెస్తాం, వింటర్ కాన్సర్ట్‌కి వెళ్లి వీడియో తీస్తాం. కానీ అరవై డెబ్బై మంది ఆరితేరిన వాద్యకారులు మైకు లేకుండా ఒక్కసారిగా వాయిస్తే ఎలా ఉంటుందో ఆ పిల్లల్లో చాలామందికి తెలియదు. ఎందుకు తీసుకెళ్లలేదని అడిగితే పెద్దవాళ్లు చెప్పేది దాదాపు ఒకటే: "న్యూయార్క్ దాకా వెళ్లే ఓపిక ఎవరికుంది? అయినా మనకేం అర్థమవుతుంది?"

అర్థమవుతుందో లేదో వెళ్లి వింటేనే తెలుస్తుంది. వినడానికి మాత్రం న్యూయార్క్ అక్కర్లేదు. 1922లో మాంట్‌క్లెయిర్‌లో మొదలైన న్యూజెర్సీ సింఫనీ అనే ఆర్కెస్ట్రా ఒక్క హాలుకే అతుక్కుని ఉండదు. నూఆర్క్, ప్రిన్స్‌టన్, న్యూ బ్రన్స్‌విక్, రెడ్ బ్యాంక్, మోరిస్‌టౌన్ ఊళ్లకు అదే వస్తుంది. చాలా వారాంతాల్లో ఒకే కార్యక్రమాన్ని రెండు మూడు ఊళ్లలో వాయిస్తుంది. 2016 నుంచి దీనికి మ్యూజిక్ డైరెక్టర్, అంటే ప్రధాన కండక్టర్, షియాన్ జాంగ్. అంతకుముందు ఇటలీలో ఒక సింఫనీ ఆర్కెస్ట్రాకు మ్యూజిక్ డైరెక్టర్ అయిన మొదటి మహిళ ఆవిడే. ఇప్పుడు సియాటిల్ సింఫనీకి కూడా ఆవిడే సారథి. అంత స్థాయి సంగీతం మన ఇంటికి అరగంట దూరంలో వినిపిస్తోంది.

అందుకే ఇక్కడ ఎంపిక కాస్త వేరుగా ఉంటుంది. ఏం వినాలన్నది తర్వాత చూసుకోవచ్చు, ముందు ఎక్కడ, ఎప్పుడు అన్నది తేల్చుకోవాలి. నా సలహా ఏమిటంటే, పేరున్న హాలు కోసం చూడకండి. మీ ఇంటివాళ్లంతా టెన్షన్ లేకుండా వెళ్లి రాగలిగే హాలు చూడండి. అలా వెళ్లినవాళ్లే మళ్లీ వెళ్తారు.

ముందుగా తేల్చుకోవాల్సినవి

అన్నిటికంటే ముఖ్యం, మీతో ఎవరొస్తున్నారన్నది. ఆరేళ్లలోపు పిల్లలతో వెళ్లేవాళ్లకూ, హైస్కూల్ ఆర్కెస్ట్రాలో చెల్లో వాయించే అమ్మాయితో వెళ్లేవాళ్లకూ ఒకే సలహా పనికిరాదు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటే మెట్లు, చలి, పార్కింగ్ నుంచి ఎంత నడవాలి అన్నవి లెక్కలోకి వస్తాయి.

రెండోది రోజు. మన వారాంతాలు ఖాళీగా ఉండవు. మనబడి, బాలవిహార్, కూచిపూడి, క్రికెట్. శుక్రవారం రాత్రి ఆఫీసు నుంచి వచ్చి మళ్లీ బయల్దేరగలరా, ఆదివారం మధ్యాహ్నం ఖాళీ చేసుకోగలరా అన్నది నిజాయితీగా ఆలోచించుకోండి.

మూడోది ప్రయాణం. కారైతే దూరం కంటే ట్రాఫిక్ ముఖ్యం. రైలైతే తిరుగు రైలు ఎన్నింటికో ముందే చూసుకోవాలి. నాలుగోది చూపు, వినికిడి. చిన్న హాల్లో వాద్యకారుల వేళ్లు కనిపిస్తాయి, పెద్ద హాల్లో ధ్వనికి విస్తారం ఉంటుంది. డబ్బు సంగతి చివర్లో చెప్తాను, ఎందుకంటే హాలు, సీటు తేలాకే అసలు ఖర్చు తెలుస్తుంది.

ఐదు హాళ్లు, పక్కపక్కన

| ఊరు, హాలు | సీట్లు, సుమారుగా | ఎక్కువగా ఏ రోజు | దారి | ఎవరికి బాగుంటుంది |
|---|---|---|---|---|
| న్యూ బ్రన్స్‌విక్, స్టేట్ థియేటర్ | 1,850 | ఆదివారం మధ్యాహ్నం | నార్త్‌ఈస్ట్ కారిడార్ రైలు, స్టేషన్ నుంచి నడక | మొదటిసారి వెళ్లే కుటుంబాలు, అమ్మమ్మ తాతయ్యలు |
| నూఆర్క్, ఎన్‌జే‌పాక్ ప్రుడెన్షియల్ హాల్ | 2,800 | శని, ఆదివారాలు | మామూలు రైలు లేదా పాత్ రైలు, ఆపై లైట్ రైల్ | ధ్వని కోసం వెళ్లేవాళ్లు, జెర్సీ సిటీవాళ్లు |
| ప్రిన్స్‌టన్, రిచర్డ్‌సన్ ఆడిటోరియం | 900 లోపు | శుక్రవారం సాయంత్రం | రూట్ 1 మీద కారు, లేదా ప్రిన్స్‌టన్ జంక్షన్ మీదుగా | వాద్యం నేర్చుకునే పిల్లలు, దగ్గర్నుంచి చూడాలనుకునేవాళ్లు |
| రెడ్ బ్యాంక్, కౌంట్ బేసీ సెంటర్ | 1,500 | వారాంతం సాయంత్రాలు | పార్క్‌వే 109 ఎగ్జిట్ | మన్మత్ కౌంటీవాళ్లు |
| మోరిస్‌టౌన్, మేయో సెంటర్ | 1,300 | వారాంతం | 287 హైవే మీద కారు | పార్సిపనీ, బ్రిడ్జ్‌వాటర్ వైపువాళ్లు |

రోజులు సీజన్‌ను బట్టి కొంచెం అటూ ఇటూ అవుతాయి. టికెట్టు కొనేముందు తేదీ ఒక్కసారి సరిచూసుకోండి.

న్యూ బ్రన్స్‌విక్: ఎటూ తేలకపోతే ఇక్కడికే

మిడిల్‌సెక్స్ కౌంటీలో ఉండేవాళ్లకు నేను మొదట చెప్పేది ఈ హాలే. స్టేట్ థియేటర్ 1921లో మూకీ సినిమాలు, వాడ్‌విల్ ఆటల కోసం తెరిచిన పాత థియేటర్. ఇప్పుడు చక్కగా బాగుచేశారు. లివింగ్‌స్టన్ అవెన్యూ మీద ఉంది, దగ్గర్లోనే పార్కింగ్ డెక్‌లు ఉన్నాయి. ఎడిసన్ నుంచి రైలెక్కితే ఒక్క స్టేషన్.

అయితే దీని అసలు బలం ఆదివారం మధ్యాహ్నం ఆట. భోజనం చేసి బయల్దేరితే చీకటి పడే వేళకు బయటికొస్తారు. పెద్దవాళ్లకు నిద్ర చెడదు, పిల్లలకు మర్నాడు స్కూలు ఉన్నా ఇబ్బంది లేదు. వచ్చేదారిలో ఓక్ ట్రీ రోడ్డులో దోశ తిని ఇంటికి చేరొచ్చు. ఇది చిన్న విషయంలా అనిపిస్తుంది గానీ, ఇంట్లో అందరూ "మళ్లీ వెళ్దాం" అనడానికి కారణం తరచూ ఇలాంటివే.

దీని లోటేమిటంటే ఇది ఆర్కెస్ట్రా కోసం కట్టిన హాలు కాదు. బాల్కనీ కింద వెనక వరసల్లో ధ్వని కాస్త మూసుకుపోయినట్టు ఉంటుంది. కింద మధ్య వరసలు గానీ, బాల్కనీ ముందు వరసలు గానీ తీసుకుంటే ఆ లోటు తెలియదు. పిల్లలుంటే బాల్కనీయే నయం. కింద అయితే ముందు కూర్చున్నవాళ్ల తలలు అడ్డొస్తాయి, పైనుంచి చూస్తే వేదిక మొత్తం పరిచినట్టు కనిపిస్తుంది.

నూఆర్క్: ధ్వని కోసం

ఎన్‌జే‌పాక్ (న్యూజెర్సీ పెర్ఫార్మింగ్ ఆర్ట్స్ సెంటర్) 1997లో తెరిచారు. ఇందులోని ప్రుడెన్షియల్ హాల్‌ను సంగీతానికి తగ్గట్టు కట్టారు, తేడా వింటే తెలిసిపోతుంది. పై అంతస్తుల్లో కూర్చున్నా పియానిసిమో, అంటే గుసగుసలాంటి చోటు కూడా స్పష్టంగా చేరుతుంది. అందువల్ల ఇక్కడ తక్కువ ధర సీటు కొని నష్టపోవడం తక్కువ. నాకు వినడమే ముఖ్యం అనుకునేవాళ్లు కళ్లు మూసుకుని ఇక్కడే ఎంచుకోవచ్చు.

"నూఆర్క్ రాత్రిపూట ఎలా?" అని చాలామంది వెనకాడతారు. మెట్రోపార్క్ నుంచో ఎడిసన్ నుంచో రైల్లో నూఆర్క్ పెన్ స్టేషన్‌లో దిగితే, లైట్ రైల్‌లో ఒక్క స్టాపు దూరంలో సెంటర్ స్ట్రీట్, అక్కడే హాలు. జెర్సీ సిటీవాళ్లకు జర్నల్ స్క్వేర్ నుంచి పాత్ నేరుగా పెన్ స్టేషన్‌కి వస్తుంది. కచేరీ వదిలాక జనమంతా ఒకేసారి బయటికి వస్తారు కాబట్టి ఒంటరిగా నడవాల్సిన పనే ఉండదు. అయినా మనసొప్పకపోతే ఆదివారం మధ్యాహ్నం ఆట చూసుకోండి.

జెర్సీ సిటీలో సొంత కేంద్రం ఏర్పాటు చేసుకుంటున్నట్టు ఈ ఆర్కెస్ట్రా 2024లో ప్రకటించింది. న్యూపోర్ట్, జర్నల్ స్క్వేర్ చుట్టుపక్కల ఉండేవాళ్లు దాని మీద ఓ కన్నేసి ఉంచండి.

ప్రిన్స్‌టన్: వాద్యం పట్టిన పిల్లలకు

యూనివర్సిటీలోని అలెగ్జాండర్ హాల్ 1890లలో కట్టిన రాతి భవనం. రిచర్డ్‌సన్ ఆడిటోరియం అందులోనే ఉంది. వేదిక వెనక గోడ మీద గ్రీకు కవి హోమర్ కథల మొజాయిక్ చిత్రాలుంటాయి. సీట్లు వేదికను చుట్టినట్టు వంపుగా ఉంటాయి కాబట్టి ఎక్కడ కూర్చున్నా దూరం అనిపించదు.

ఇక్కడ పిల్లలు చూడగలిగేది మిగతా హాళ్లలో కష్టం. కచేరీ మొదలయ్యే ముందు ఓబో అనే ఊదే వాద్యం ఒక్క స్వరం పట్టుకుంటుంది, మిగతావాళ్లంతా దానికి శ్రుతి కలుపుతారు. తంబూరా విని పెరిగిన ఇంట్లో పిల్లలకు దీన్ని వేరే వివరించక్కర్లేదు. వయొలిన్ల వరసలో పద్నాలుగు పదహారు కమానులు (బో అంటారే, అవి) ఒకేసారి పైకి, ఒకేసారి కిందికి కదులుతాయి. వెనక టింపనీ వాయించేవాడు తన వంతు రాకముందు ఆ పెద్ద డోలు మీదికి వంగి, చర్మానికి చెవి ఆనించినంత దగ్గరగా పెట్టి, వేలితో మెల్లగా మీటి శ్రుతి చూసుకుంటాడు. చుట్టూ ఆర్కెస్ట్రా మోగుతుండగానే! బో ఎటు కదపాలని టీచరు ఎందుకంత పట్టుబడతారో ఇంట్లో ఎంత చెప్పినా ఎక్కనిది, పిల్లలకు ఇక్కడ కళ్లతో చూస్తే ఎక్కుతుంది.

ఇబ్బంది అంతా శుక్రవారంతోనే. సాయంత్రం రూట్ 1 సంగతి అందరికీ తెలిసిందే. క్యాంపస్‌లో పార్కింగ్ చేసి నడవాలి కూడా. ప్లెయిన్స్‌బరో, వెస్ట్ విండ్సర్‌వాళ్లకు పరవాలేదు. ఎడిసన్ నుంచి అయితే ఆఫీసు నుంచి త్వరగా బయటపడగలిగిన రోజే పెట్టుకోండి. ఆలస్యమైతే తలుపులు మూసేస్తారు, ఒక రచన అయ్యేదాకా బయటే నిలబడాలి. ఈ నియమం ఏ హాల్లోనైనా ఉన్నదే.

రెడ్ బ్యాంక్, మోరిస్‌టౌన్

ఈ రెండూ దగ్గర్లో ఉండేవాళ్లకు బంగారం, దూరం నుంచి పనిగట్టుకుని వెళ్లాల్సిన అవసరం లేదు. రెడ్ బ్యాంక్ జాజ్ పియానిస్టు కౌంట్ బేసీ పుట్టిన ఊరు, 1926 నాటి థియేటర్‌కు ఆయన పేరే పెట్టుకున్నారు. కచేరీకి ముందు ఊళ్లో కాసేపు తిరగడానికి బాగుంటుంది. మోరిస్‌టౌన్ మేయో సెంటర్ 1937 నాటిది. చిన్నగా, హాయిగా ఉంటుంది.

ఏ రకం కచేరీ?

మామూలు క్లాసికల్ కచేరీ రెండు గంటల దాకా ఉంటుంది. మొదట పది నిమిషాల చిన్న రచన, తర్వాత ఒక సోలో వాద్యకారుడితో అరగంట కన్సర్టో, ఇంటర్వెల్, ఆపైన సింఫనీ. సింఫనీ అంటే ఎక్కువగా నాలుగు భాగాల పెద్ద రచన. 2025 మార్చి 8న ఇళయరాజా లండన్‌లో తన సింఫనీ వినిపించినప్పుడు మన ఇళ్లలో కూడా ఈ మాట నలిగింది. మొదటిసారి అయితే బీథోవెన్, చైకోవ్‌స్కీ, ద్వోర్జాక్ పేర్లున్న వారం చూసుకోండి. ద్వోర్జాక్ తొమ్మిదో సింఫనీ అయితే మరీ మంచిది. ఆయన న్యూయార్క్‌లో ఉండగా రాసి, 1893లో కార్నెగీ హాల్లో మొదటిసారి వినిపించిన రచన అది, నలభై నిమిషాలు ఇట్టే గడిచిపోతాయి. మాలర్, బ్రూక్నర్ గొప్పవాళ్లే, కానీ గంటకు పైగా సాగే ఒకే రచనతో పిల్లల్ని మొదలుపెట్టొద్దు.

ఆరేళ్లలోపు పిల్లలుంటే ఫ్యామిలీ కచేరీలు తప్ప మిగతావి వదిలేయండి. గంటలో అయిపోతాయి, పిల్లలు కదిలినా ఎవరూ వెనక్కి తిరిగి చూడరు, వాద్యాలను దగ్గర్నుంచి చూసే ఏర్పాటు కూడా చాలాసార్లు ఉంటుంది.

తెర మీద పూర్తి హాలీవుడ్ సినిమా నడుస్తుండగా ఆర్కెస్ట్రా నేపథ్య సంగీతం వాయించే కచేరీలు టీనేజర్లను రప్పించడానికి మంచి దారి. అయితే కళ్లు తెర మీదే ఉంటాయి, వాద్యకారుల్ని చూడరు. టికెట్ల ధర కూడా తరచూ ఎక్కువే. సినిమా సంగీతం కోసం అయితే సరే, ఆర్కెస్ట్రాను పరిచయం చేయాలంటే మాత్రం మామూలు కచేరీయే మేలు.

డిసెంబరులో హాండెల్ రాసిన మెస్సయా అనే క్రైస్తవ గాన రచన వినిపిస్తారు. 1741లో రాసిన రచన, పాటలు ఇంగ్లీషులోనే ఉంటాయి కాబట్టి మాటలు పట్టుకోవచ్చు. కోరస్ పాడుతుంది, నిడివి ఎక్కువ. హల్లెలూయా వచ్చినప్పుడు జనం లేచి నిలబడే ఆచారం ఉంది. గొంతు సంగీతం ఇష్టపడే పెద్దవాళ్లకు సింఫనీ కంటే ఇదే దగ్గరగా అనిపిస్తుంది. చైనా కొత్త సంవత్సరానికి చేసే లూనార్ న్యూ ఇయర్ కచేరీలో చిన్న చిన్న రచనలే ఎక్కువ, పండగ వాతావరణం ఉంటుంది. చైనీస్ కుటుంబాలు ఆ హాలును నింపేయడం చూస్తే, మన దీపావళికి కూడా ఇలాంటిదొకటి అడిగి చేయించుకోవాలన్న కోరిక నాకు గట్టిగా కలుగుతుంది. ఆర్కెస్ట్రాలు ఊరివాళ్లు అడిగితే వింటాయి. మన సంఘాలు అడగాలి.

ఇక వేసవిలో పార్కుల్లో ఉచిత కచేరీలుంటాయి. దుప్పటి పరుచుకుని, పులిహోర డబ్బా తెచ్చుకుని వినొచ్చు. అక్కడ మైకులుంటాయి, కాబట్టి హాల్లో వినే ధ్వని రాదు. పాకే పిల్లలున్న ఇంటికి మాత్రం ఇంతకంటే మంచి ఏర్పాటు లేదు.

న్యూయార్క్, ఫిలడెల్ఫియా సంగతి

1842లో మొదలైన న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్ ఈ దేశంలోకెల్లా పాతది. మన ముంబయిలో పుట్టిన జుబిన్ మెహతా 1978 నుంచి 1991 దాకా దాన్ని నడిపారు. లింకన్ సెంటర్‌లోని గెఫెన్ హాల్‌ను బాగుచేసి 2022లో మళ్లీ తెరిచారు. ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రా తీగవాద్యాల నాదానికి పేరుబడింది, ప్రిన్స్‌టన్ నుంచి దక్షిణంగా ఉండేవాళ్లకు అది దగ్గర కూడా. మీ పిల్లవాడు సీరియస్‌గా వాయిస్తుంటే ఏడాదికోసారి ఈ రెండింట్లో ఒకదానికి తీసుకెళ్లండి. కానీ ఒక్క న్యూయార్క్ సాయంత్రానికి టికెట్లు, టోల్, పార్కింగ్, భోజనం కలిపి అయ్యే ఖర్చుతో న్యూ బ్రన్స్‌విక్‌లో రెండు మూడు కచేరీలు వినొచ్చు. అలవాటు కావాలంటే రెండోదే దారి.

ప్రిన్స్‌టన్ సింఫనీ ఆర్కెస్ట్రా వేరే సంస్థ, అదీ రిచర్డ్‌సన్‌లోనే వాయిస్తుంది. న్యూజెర్సీ సింఫనీ శుక్రవారం మీకు కుదరకపోతే వీళ్ల వారాంతం ఆటలు చూడండి.

పిల్లలు వాయించడానికి

యూత్ ఆర్కెస్ట్రాల పేర్లు చూసి చాలామంది తికమక పడతారు. న్యూజెర్సీ సింఫనీ యూత్ ఆర్కెస్ట్రాస్ అన్నది ఈ ఆర్కెస్ట్రా సొంత విభాగం. న్యూజెర్సీ యూత్ సింఫనీ అన్నది 1979లో మొదలై ఇప్పుడు వార్టన్ ఆర్ట్స్ కింద నడుస్తున్న వేరే సంస్థ. ఇవి కాక యూత్ ఆర్కెస్ట్రా ఆఫ్ సెంట్రల్ జెర్సీ, గ్రేటర్ ప్రిన్స్‌టన్ యూత్ ఆర్కెస్ట్రా ఉన్నాయి. అన్నిటికీ ఆడిషన్ ఉంటుంది, స్థాయిని బట్టి గ్రూపుల్లో వేస్తారు.

ఎంచుకునేటప్పుడు ఏది పేరున్నదని కాకుండా, వారం వారం రిహార్సల్‌కు ఎవరు దింపుతారన్నది చూడండి. గంట దూరంలో ఉన్న మంచి గ్రూపు కంటే ఇరవై నిమిషాల్లో ఉన్న సరిపడా గ్రూపులో పిల్లలు ఎక్కువకాలం నిలుస్తారు. వృత్తిగా తీసుకోవాలన్న పట్టుదల ఉన్న పిల్లలకు మాత్రం ఈ మాట వర్తించదు, వాళ్లకు స్థాయే ముఖ్యం.

టికెట్లు: విడిగానా, ప్యాకేజీగానా?

మొదటి ఏడాది విడి టికెట్లే కొనండి. మీ ఇంటికి ఏది నచ్చుతుందో తెలియకుండా సిరీస్ మొత్తం కొంటే సగం వృథా అవుతాయి. రెండో ఏడాది మనమే కొన్ని కచేరీలు ఏరుకుని కట్టే ప్యాకేజీ బాగుంటుంది. ధర తగ్గుతుంది, పిల్లాడికి జ్వరమొస్తే మరో తేదీకి మార్చుకునే వీలూ ఉంటుంది. చిన్నపిల్లల ఇంటికి తగ్గింపు కంటే ఆ మార్చుకునే వీలే ఎక్కువ లాభం.

వెతికేటప్పుడు జాగ్రత్త. మొదట కనిపించే లింకులు చాలాసార్లు అసలు ఆర్కెస్ట్రావి కావు, టికెట్లను తిరిగి అమ్మేవాళ్లవి. హాలు ఫొటో, పేరు పెట్టుకుని అసలు సైటులాగే ఉంటాయి, ధర రెండింతలు చూపిస్తాయి. ఆర్కెస్ట్రా సైటులో గానీ, హాలు బాక్సాఫీసులో గానీ మాత్రమే కొనండి.

సీటు ఎంచుకునేటప్పుడు పియానో కన్సర్టో ఉంటే వేదిక వైపు చూస్తే ఎడమ పక్క తీసుకోండి, వేళ్లు అటే కనిపిస్తాయి. చెల్లో, వయొలిన్ సోలోలకు మధ్యలో తీసుకోండి. డ్రెస్ గురించి బెంగ వద్దు, చీరైనా జీన్స్ అయినా ఎవరూ పట్టించుకోరు. భాగానికీ భాగానికీ మధ్య నిశ్శబ్దంలో చప్పట్లు కొట్టరు. కండక్టర్ చేతులు పూర్తిగా దించి మనవైపు తిరిగాక కొడితే సరిపోతుంది. సీజన్ శరదృతువులో మొదలై జూన్ దాకా నడుస్తుంది, తర్వాతి సీజన్ తేదీలు ఆ ముందు వసంతంలోనే బయటికొస్తాయి. మనబడి, డ్యాన్సు క్లాసుల షెడ్యూలు ఖాయం కాకముందే రెండు ఆదివారాలు క్యాలెండర్‌లో వేసి పెట్టుకోండి.